రెసిన్ నేలకు ఏ రోలర్? పూతను చూసి, ఎండను చూసి ఎంచుకునే పద్ధతి

రెసిన్ ఫ్లోరింగ్, అంటే ఎపాక్సీ లాంటి రెసిన్‌ను పూతగా వేసి గట్టిపరిచిన నేల, పాడైతే మనవాళ్లు ముందు కంపెనీని తిడతారు, తర్వాత మేస్త్రీని తిడతారు. రోలర్‌ జోలికి ఎవరూ పోరు. ఎపాక్సీ డబ్బాలకు వేలకు వేలు పోసి, చివర్లో షాపువాడు ఇచ్చిన గోడ రోలర్ ఒకటి సంచిలో వేసుకుని వస్తారు. మర్నాడు చూస్తే నేలంతా అతుక్కున్న నూలుపోగులు, సూదితో పొడిచినట్టు సన్న రంధ్రాలు, ఒకచోట మెరుపు, ఇంకోచోట మసక. మొత్తం ఖర్చులో రోలర్ ఖర్చు లెక్కలోకే రాదు కాబట్టి దాని మీద ఎవరి దృష్టీ పడదు.

గోడ మీద రోలర్ పని రంగు పరచడం. రెసిన్ నేల మీద దానికి ఇంకో బాధ్యత కూడా ఉంది: చదరపు మీటరుకు ఎంత సరుకు మిగలాలో అంత మిగల్చాలి. ఆ మందం ఎక్కువా తక్కువా కావడంలో రోలర్ నూగు (గుడ్డ పోగుల) పొడవుకు పెద్ద పాత్ర ఉంది. అందుకే రోలర్ కొనే ముందు ఏ పూత వేస్తున్నామో తెలియాలి. ఒకే పనిలో ప్రైమర్‌కు (నేలకు వేసే మొదటి పూతకు) ఒక రోలర్, పై పూతకు ఇంకో రోలర్, మధ్యలో అసలు రోలరే అవసరం లేని దశ కూడా ఉండొచ్చు.

కర్నూలు, అనంతపురం, కడప వైపు దీనికి ఎండ కూడా తోడవుతుంది. డబ్బా మీద రాసిన సమయాలు ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన రేకుల షెడ్లలో ఏప్రిల్, మే నెలల్లో ఆ చల్లదనం అర్ధరాత్రి కూడా దొరకదు. దాన్నిబట్టి రోలర్ వెడల్పు, ఎన్ని స్లీవ్‌లు (ఫ్రేమ్‌కు తొడిగే గుడ్డ గొట్టాలు) దగ్గర పెట్టుకోవాలి, ఏ వేళలో పని మొదలుపెట్టాలి అన్నవి మారిపోతాయి.

మొదట నేలను చూడండి

కొత్త కాంక్రీటు అయితే 28 రోజులు ఆగాలి. ఆ తర్వాత కూడా తడి ఉందేమో చూసుకోవాలి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న మందపాటి ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమ్మ పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా ఇంకా ఆగాల్సిందే. పైపైన తేలి గట్టిపడిన సిమెంటు పాలపొరను గ్రైండింగ్ మెషీన్‌తో తీసేయాలి. ఆ పొర మీదే పూత వేస్తే, పూత సిమెంటును పట్టుకుంటుంది గానీ సిమెంటు పొర నేలను పట్టుకోదు. రెండూ కలిసి లేచిపోతాయి.

గ్రైండింగ్ అయ్యాక అరచేత్తో నేలను తడిమి చూడండి. సన్న ఇసుక కాగితంలా తగిలితే ఒక రకం రోలర్, కంకర అంచులు తగిలేంత గరుకుగా ఉంటే ఇంకో రకం. రోలర్ ఎంపిక ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మన దగ్గర పాత దుకాణాల్లో, గోడౌన్లలో నేల కాంక్రీటు కాదు, నాపబండలు. తాడిపత్రి బండ కావచ్చు, బేతంచెర్ల బండ కావచ్చు, కడప నల్లబండ కావచ్చు. వీటి మీద నేరుగా ఎపాక్సీ వేయమని చాలామంది అడుగుతారు. పాలిష్ చేసిన బండకు పట్టు ఉండదు. పైగా చాలాచోట్ల బండలను మట్టి మీదో ఇసుక మీదో పరిచి ఉంటారు. అడుగు తడి సందుల్లోంచి పైకి వస్తుంది. బండ కదిలితే సందు దగ్గర పూత గీత గీసినట్టు పగులుతుంది. ఎంత మంచి రోలర్ తెచ్చినా దీనికి మందు కాదు. కదిలే బండలు తీసేసి కాంక్రీటు పోయించుకోవడమే మేలు. గట్టిగా కూర్చున్న బండలైతే గ్రైండ్ చేసి, సందులు ఎపాక్సీ పుట్టీతో నింపి, అప్పుడు ప్రైమర్‌కు వెళ్లొచ్చు. అయితే ముందుగా ఒక మూలన నాలుగైదు బండలకు వేసి చూసుకోకుండా మొత్తం నేలకు దిగొద్దు.

వేరుశనగ నూనె మిల్లు, మెకానిక్ షెడ్డు లాంటివైతే నూనె సంగతి కూడా చూడాలి. నేల మీద కాసిని నీళ్లు చల్లండి. నీళ్లు ఇంకకుండా ముత్యాల్లా నిలబడితే లోపల నూనె ఉన్నట్టే. అలాంటి చోట పూత వెనక్కి లాక్కుని గుండ్రటి గుంటలు పడతాయి. వాటి మీద రోలర్ ఎన్నిసార్లు తిప్పినా మూసుకోవు. డిగ్రీజర్‌తో కడిగి, ఆరబెట్టి, గ్రైండ్ చేసి, మళ్లీ నీళ్ల పరీక్ష చేయాలి.

మందం లెక్క

ఇది కష్టమైన లెక్కేం కాదు. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు సరుకు సమానంగా పరిస్తే మందం ఒక మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. 150 మైక్రాన్ల పూత కావాలంటే చదరపు మీటరుకు 150 మిల్లీలీటర్లు. మనవాళ్లు చదరపు అడుగుల్లో మాట్లాడతారు కాబట్టి గుర్తుంచుకోండి: 100 చదరపు అడుగులు అంటే 9.3 చదరపు మీటర్లు.

రోలర్‌తో ఒక విడతలో హాయిగా వేయగలిగేది సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు. అంతకు మించి రోలర్‌తో మోపితే అలలు, బొబ్బలు వస్తాయి. 1 మిల్లీమీటరు, 2 మిల్లీమీటర్లు కావాలంటే అది సెల్ఫ్ లెవెలింగ్ పని, అంటే పోశాక తనంతట తానే సమంగా సర్దుకునే సరుకుతో చేసేది. దాన్ని పళ్ల తాపీతోనో పళ్ల స్క్వీజీ (సరుకును తోసే రబ్బరు అంచు కర్ర)తోనో పరచాలి, రోలర్‌తో కాదు. అక్కడ ముళ్ల రోలర్ వస్తుంది గానీ దాని పని వేరు, కిందకు వెళ్లాక చెబుతాను.

ఇంకో తేడా ఉంది. సాల్వెంట్ (ఆవిరైపోయే ద్రావకం) లేని ఎపాక్సీలో తడిగా ఉన్నప్పుడు ఎంత మందమో ఆరాక దాదాపు అంతే ఉంటుంది. నీటి ఆధారిత ఎపాక్సీలో సగం దాకా ఆవిరైపోవచ్చు. డబ్బా మీద ఘనపదార్థ శాతం రాసి ఉంటుంది, దాన్ని చూసి లెక్క వేసుకోవాలి. తడి మందం కొలిచే పళ్ల గేజ్ చిన్న రేకు ముక్క, ధర కూడా ఎక్కువ కాదు. పూత తడిగా ఉన్నప్పుడు నిటారుగా గుచ్చి తీస్తే ఏ పన్ను దాకా సరుకు అంటిందో చూసి మందం చెప్పేయొచ్చు. పెయింటర్ జేబులో ఇది కనిపిస్తే ఆయనకు పని తెలుసని నా లెక్క.

నూగు పొడవు: అసలు నిర్ణయం ఇదే

స్లీవ్ మీద ఉండే పోగుల ఎత్తే నూగు పొడవు. పొడవు పెరిగే కొద్దీ రోలర్ ఎక్కువ సరుకు మోస్తుంది, గుంటల్లోకి ఎక్కువగా చేరుతుంది, పైన మిగిల్చే గుర్తులు కూడా ముతకగా ఉంటాయి. పొట్టి నూగు తక్కువ మోస్తుంది, నున్నగా వదులుతుంది.

ప్రైమర్ పని కాంక్రీటు రంధ్రాల్లోకి దిగడం. గ్రైండ్ చేసిన మామూలు నేలకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల నూగు సరిపోతుంది. నూగు ఇంతకంటే పొట్టిగా ఉంటే గుంటల మీదుగా జారిపోతుంది, అడుగున పొడి చుక్కలు మిగులుతాయి. తర్వాత గాలి బుడగలు వచ్చేది సరిగ్గా ఆ చుక్కల్లోంచే. నేల మరీ గరుకుగా ఉంటే ముందు స్క్వీజీతో ప్రైమర్ తోసి, దాని వెనకే రోలర్ తిప్పడం మంచిది. ప్రైమర్ ఆరాక నేల మీద ఎక్కడైనా మసక మచ్చలు కనిపిస్తే అక్కడ కాంక్రీటు సరుకును తాగేసిందని అర్థం. ఆ చోట రెండో చేయి వేయాలి. ఇది దాటవేసి పై పూతకు వెళ్లడం మన దగ్గర మరీ మామూలైపోయింది.

రంగు పూతకు, అంటే 150 నుంచి 200 మైక్రాన్ల సాల్వెంట్ లేని ఎపాక్సీకి, 9 లేదా 10 మిల్లీమీటర్ల నూగు. ఒకే రకం స్లీవ్ మాత్రమే కొనగలిగితే ఇదే కొనండి. నేల బాగా నున్నగా ఉండి, పూత పలచగా కావాలంటే 6 మిల్లీమీటర్లకు దిగొచ్చు.

చివరి పీయూ (పాలీయురేథేన్) పూత పలచనిది. దానికి 4 నుంచి 6 మిల్లీమీటర్ల పొట్టి నూగు. ఇక్కడ పొడవు నూగు వాడితే సరుకు ఎక్కువ మోపి, సాల్వెంట్ లోపల చిక్కుకుని చిన్న చిన్న బొబ్బలు వస్తాయి.

జారకుండా క్వార్ట్జ్ ఇసుక చల్లిన నేల సంగతి వేరు. గట్టిపడ్డాక వదులు ఇసుకను ఊడ్చేసి పైన సీల్ కోట్ (ఇసుకను కప్పి పట్టి ఉంచే పూత) వేయాలి. ఆ గరుకులో పొట్టి నూగు ఇసుక తలలను మాత్రమే తాకుతుంది. స్క్వీజీతో సరుకు తోసి, 12 నుంచి 18 మిల్లీమీటర్ల నూగుతో వెనకే తిప్పాలి. ఇసుక స్లీవ్‌ను కొరికేస్తుంది కాబట్టి ఒకటి అదనంగా ఉంచుకోండి.

గుడ్డ

మైక్రోఫైబర్, నేసిన పాలిస్టర్: ఎపాక్సీకి నా మొదటి ఓటు ఈ రెండింటికే. సరుకు సమానంగా వదులుతాయి, పోగులు తక్కువ రాలుస్తాయి. గోడలకు వాడే చవక స్లీవ్‌లలో చాలావాటికి అల్లిక వదులు, నూగు మెత్తన. చిక్కటి రెసిన్ లాగేసరికి పోగులు ఊడి వచ్చేస్తాయి. గోడ మీద ఒక పోగు అంటుకుంటే గోరుతో తీసేస్తాం. ఎపాక్సీలో చిక్కుకున్న పోగు నేల ఉన్నంతకాలం ఉంటుంది.

మోహేర్ అంటే అంగోరా మేక వెంట్రుక. పొట్టిగా, ఒత్తుగా ఉంటుంది. పలచటి పీయూ పూతకు దీన్ని మించింది లేదు.

గొర్రె ఉన్ని స్లీవ్ ఎక్కువ సరుకు మోస్తుంది. గొర్రెలకు కొదవలేని జిల్లాల్లో ఉన్నాం కాబట్టి దీని మీద మనకు సహజంగానే నమ్మకం! కానీ సహజ పోగు నీళ్లు పీల్చుకుని ఉండకట్టుకుంటుంది, అందువల్ల నీటి ఆధారిత ఎపాక్సీకి వాడకూడదు. సాల్వెంట్ ఉన్న సరుకుకు వాడొచ్చు గానీ, పోగులు రాలే గుణం ఉంది. కాబట్టి చివరి పూతకు వద్దు.

ఫోమ్ రోలర్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సాల్వెంట్‌కు ఉబ్బిపోతుంది, తిప్పుతుంటే గాలి కక్కుతుంది. నేలకు వద్దు.

షాపులో చేత్తో చూడాల్సినవి

స్లీవ్ లోపలి గొట్టం అట్టదైతే పక్కన పెట్టండి. రెసిన్, సాల్వెంట్ తగిలి మెత్తబడి, పని మధ్యలో గుడ్డ ఊడి వస్తుంది. గట్టి ప్లాస్టిక్ గొట్టం గానీ ఫినోలిక్ (రెసిన్ పట్టించి గట్టిపరిచిన) గొట్టం గానీ ఉండాలి. రెండు వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి, లొత్త పడకూడదు. నూగును చిటికెతో పట్టి రెండు మూడు సార్లు లాగండి. వేళ్ల మధ్య పోగులు వస్తే అది నేలకు పనికిరాదు. గుడ్డ చుట్టిన అతుకు మీద వేలు నడిపించండి. అతుకు ఉబ్బెత్తుగా తగిలితే, ప్రతి తిప్పుకూ నేల మీద ఒక గీత పడుతుంది. గుడ్డను జిగురుతో అంటించారా, వేడితో గొట్టానికి అతికించారా అని కూడా అడగండి. వేడితో అతికించినది సాల్వెంట్‌కు తట్టుకుంటుంది.

"దీనికీ గోడకు కొట్టేదే కొడతాం లేన్నా, అందరూ అదే తీసుకుపోతారు" అని షాపులో అంటే వాదించక్కర్లేదు. మన ఊళ్ల పెయింట్ షాపుల్లో గోడ సామాను బాగా దొరుకుతుంది, నేల రోలర్లు అన్నిచోట్లా ఉండవు. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కడప వాళ్లకు తిరుపతి దగ్గర. పని మొదలయ్యే వారం ముందే తెప్పించుకోండి. రెసిన్ కలిపాక రోలర్ కోసం బైక్ తీస్తే, తిరిగి వచ్చేసరికి బకెట్‌లో రాయి ఉంటుంది.

వెడల్పు, ఫ్రేమ్, కర్ర

9 అంగుళాలు, 18 అంగుళాలు, అంచులకు 4 అంగుళాలు. ఇవి మూడే లెక్కలోకి వస్తాయి. 10 అడుగుల గదికి 9 అంగుళాలది చాలు. 500 చదరపు అడుగులు దాటితే 18 అంగుళాలది తీసుకోండి. వెడల్పు పెరిగితే పని తొందరగా అవుతుంది, అతుకుల సంఖ్య కూడా తగ్గుతుంది. ఎండాకాలంలో ఇది సౌకర్యం కాదు, అవసరం. తడి అంచు ఆరిపోయేలోపు పక్క వరుస కలవాలి. అలా కలవకపోతే వరుసల మధ్య గీత ఎప్పటికీ కనిపిస్తుంది.

18 అంగుళాల ఫ్రేమ్‌ను ఒకవైపే పట్టుకునేది కొనొద్దు. రెండువైపులా పట్టు ఉండాలి, లేకపోతే ఒక అంచు మీద బరువు పడి అక్కడ పలచబడుతుంది. కర్ర పొడవు మనిషి గడ్డం దాకా ఉంటే నడుము వంచకుండా, సమాన బరువుతో తిప్పొచ్చు. వంగి చేసేవాడు అలిసిన కొద్దీ రోలర్ మీద బరువు మోపుతాడు. పూత మందం కూడా దాంతోపాటే మారిపోతుంది.

ముళ్ల రోలర్

సెల్ఫ్ లెవెలింగ్ సరుకు పోసి పళ్ల తాపీతో పరిచాక, కలిపేటప్పుడు లోపల చిక్కుకున్న గాలిని బయటకు పంపేది ఇదే. సరుకు పరచడం దీని పని కాదు. ముల్లు పూత మందం కంటే పొడవుగా ఉండి అడుగును తాకాలి. 2, 3 మిల్లీమీటర్ల పూతకు 11 మిల్లీమీటర్ల ముళ్లు సరిపోతాయి. మందపాటి పనులకు 20 మిల్లీమీటర్లు దాటినవి ఉన్నాయి. మామూలు పనికి ప్లాస్టిక్ ముళ్లు చాలు. ఫ్రేమ్ మీద చిమ్మకుండా ఒక కవచం ఉన్నది తీసుకుంటే గోడలు, ప్యాంటు బాగుంటాయి.

ముళ్ల బూట్లు లేకుండా తడి నేల మీదకు దిగలేం. అవి కూడా కొనండి, మనిషికి ఒక జత.

సమయమే ఇక్కడ కీలకం. పరిచిన పది నిమిషాల్లో మొదటిసారి తిప్పాలి, మొదటి దిశకు అడ్డంగా రెండోసారి. సరుకు చిక్కబడటం మొదలయ్యాక తిప్పితే ముళ్ల గుర్తులు పూడవు, చుక్కల వరుసలు అలాగే గట్టిపడతాయి. బుడగ ఒకటి కనిపించిందని అరగంట తర్వాత మళ్లీ వెళ్లి తిప్పేవాళ్లు ఉంటారు. ఆ బుడగను వదిలేయడమే మేలు.

ఎండను లెక్కలోకి తీసుకోవడం

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనర్ కలిశాక మొదలయ్యే చర్య వేడి పుట్టిస్తుంది, వేడి ఆ చర్యను ఇంకా తొందర చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు అని రాసిన సరుకుకు 35 దగ్గర సుమారు 15 నిమిషాలే. బకెట్‌లో ఎక్కువ సరుకు నిలవ ఉంటే ఆ 15 కూడా ఉండవు, ఎందుకంటే లోపలి వేడి బయటకు పోదు. కలిపిన వెంటనే నేల మీద పట్టీలా పోసేస్తే వేడి నేలలోకి దిగిపోతుంది, టైమ్ దొరుకుతుంది. బకెట్‌లో రోలర్ ముంచి ముంచి వాడే అలవాటు ఇక్కడ మానుకోవాలి.

ముందురోజు డబ్బాలను చల్లటి గదిలో పెట్టండి. ఒకసారి కలిపేది ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో వేయగలిగినంతే ఉండాలి. పెద్ద డబ్బా సగం వాడాలంటే రెండు పార్టులనూ తూకం వేసి కలపాలి, కంటి అంచనాతో కాదు. కలిపాక ఇంకో శుభ్రమైన బకెట్‌లోకి మార్చి మళ్లీ కలపాలి. మొదటి బకెట్ గోడలకు అంటుకున్నది సరిగా కలవని సరుకు. అదే కారణంతో బకెట్‌ను నేల మీద బోర్లించి వదిలేయకూడదు. ఆ చోట జిగురు మచ్చ మిగులుతుంది, ఎన్నాళ్లకూ గట్టిపడదు.

చిక్కగా ఉంది, రోలర్ కదలడం లేదు అని థిన్నర్ పోయడం మన మేస్త్రీల పెద్ద జాడ్యం. సాల్వెంట్ లేని ఎపాక్సీలో థిన్నర్ పోస్తే అది లోపలే చిక్కుకుంటుంది. పూత మెత్తబడుతుంది, కుంచించుకుపోతుంది. రోలర్ కదలకపోతే నూగు మార్చండి, లేదా టైమ్ అయిపోయిన సరుకని గ్రహించి పక్కన పెట్టండి.

ఏ వేళలో వేయాలన్నది పూతను బట్టి ఉంటుంది. పొద్దున ఎండ ఎక్కే కొద్దీ కాంక్రీటు వేడెక్కి రంధ్రాల్లోని గాలి వ్యాకోచిస్తుంది, తడి ప్రైమర్‌ను పొడుచుకుని పైకి వస్తుంది. ఆ సన్న రంధ్రాలు అలా వచ్చినవే. అందుకే ప్రైమర్‌ను నేల చల్లబడే వేళలో, సాయంత్రం దాటాక వేయాలి. అప్పుడు గాలి లోపలికి ముడుచుకుంటుంది, ప్రైమర్‌ను కూడా లోపలికి లాగుతుంది. రంధ్రాలు మూసుకున్నాక పై పూతలకు తెల్లవారుజాము మంచిది. ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నేల ఉష్ణోగ్రత చూడండి, గాలిది కాదు. రేకుల షెడ్డులో రాత్రి 8 గంటలకు గాలి చల్లగా అనిపించినా నేల ఇంకా కాలుతూనే ఉంటుంది. డబ్బా మీద రాసిన గరిష్ఠ ఉష్ణోగ్రతకు నేల దిగేదాకా ఆగాలి.

వానాకాలంలో, డిసెంబరు తెల్లవారుజాముల్లో సమస్య తిరగబడుతుంది. నేల ఉష్ణోగ్రత మంచుబిందువు (గాల్లోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. గాల్లో తేమ 85 శాతం దాటితే పని ఆపాలి. లేకపోతే ఎపాక్సీ మీద జిడ్డు లాంటి తెల్లటి పొర వస్తుంది, దాని మీద తర్వాతి పూత పట్టదు.

ఇక ఆషాఢం గాలి. అనంతపురం వైపు ఆ రోజుల్లో షట్టర్ తెరిచి పూత వేయడమంటే దుమ్ముతో కలిపి వేసుకోవడమే. షట్టర్ సందులు టేపుతో మూయండి, కిటికీలకు టార్పాలిన్ కట్టండి. అయితే సాల్వెంట్ ఉన్న సరుకు వాడుతుంటే గది పూర్తిగా మూసేయకూడదు. గాలి వచ్చే దారికి పలచటి గుడ్డ కట్టి ఉంచండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు.

వేసే పద్ధతి

కొత్త స్లీవ్‌ను నేరుగా ముంచొద్దు. కాగితం టేపు చుట్టి లాగండి. టేపుకు పోగులు అంటడం ఆగేదాకా అలాగే చేయండి. ఇది ఐదు నిమిషాల పని.

గోడ అంచులు, స్తంభాల చుట్టూ ముందు 4 అంగుళాల రోలర్‌తో, బ్రష్‌తో వేసుకోండి. ఒకేసారి మొత్తం అంచులన్నీ వేయకండి, పెద్ద రోలర్ చేరేలోపు ఆరిపోతాయి. రాబోయే పదడుగుల వరకే చాలు. ఆ తర్వాత సరుకును నేల మీద పట్టీలా పోసి, స్క్వీజీతోనో రోలర్‌తోనో అడ్డంగా పరచండి. వెంటనే దానికి నిలువుగా ఇంకోసారి తిప్పి, ప్రతి వరుస పక్క వరుసను రెండు మూడు అంగుళాలు కప్పేలా చూడండి. ఆఖరి చేయి అందరూ ఒకే దిశలో, తలుపు వైపుకు, రోలర్ బరువు మాత్రమే పడేలా తిప్పాలి. నొక్కకూడదు. వేగంగా తిప్పితే గాలి కలుస్తుంది.

ఒకరు కలుపుతూ, ఒకరు అంచులు చేస్తూ, ఒకరు పెద్ద రోలర్ తిప్పుతూ ఉంటే 1000 చదరపు అడుగులు హడావుడి లేకుండా పూర్తవుతాయి. ఇద్దరితో చేయాలనుకుంటే నేలను విస్తరణ సందుల (కాంక్రీటు వ్యాకోచానికి వదిలిన గీతల) దగ్గర విభజించుకుని రెండు రోజుల్లో చేయండి. నేల మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది.

వేడికాలంలో స్లీవ్‌ను అరగంటకు ఒకసారి మార్చేయాలి. నూగులో ఉన్న సరుకు చిక్కబడి బిరుసెక్కితే రోలర్ దొర్లడం మానేసి ఈడ్చుకుంటుంది. ఆ చోట్ల పూత తొక్క తీసినట్టు లేస్తుంది.

మర్నాడు నేల చెప్పే మాట

నారింజ తొక్కలా గతుకులుంటే నూగు ఎక్కువ పొడవు, లేదా సరుకు వయసైపోయాక తిప్పారు. పొడవాటి గీతలు సమాన దూరంలో వస్తుంటే స్లీవ్ అతుకు గానీ ఫ్రేమ్ వంకర గానీ కారణం. వరుస అంచుల్లో రెండు గీతల్లా ఉబ్బు ఉంటే రోలర్‌ను నొక్కారు. కొన్ని వరుసలు మెరిసి, కొన్ని మసకగా ఉంటే ఆఖరి చేయి ఒకే దిశలో పడలేదు, లేదా స్లీవ్ సరుకు తక్కువై పొడిగా తిరిగింది. సన్న రంధ్రాలకు మాత్రం పై పూత రోలర్‌ను తప్పు పట్టొద్దు. అవి చాలావరకు ప్రైమర్ తక్కువైనందువల్ల వస్తాయి.

ఇవి సరిచేయాలంటే డబ్బా మీద చెప్పిన వ్యవధి గడిచాక ఇసుక కాగితంతో రుద్ది, దుమ్ము వ్యాక్యూమ్‌తో తీసి, పొట్టి నూగుతో ఇంకో పలచటి పూత వేయాలి. మచ్చ ఉన్నచోట మాత్రమే దిద్దితే ఆ దిద్దు మచ్చకంటే ఎక్కువ కనిపిస్తుంది.

1000 చదరపు అడుగుల షాపుకు సామాను

ఇది 93 చదరపు మీటర్లు. ప్రైమర్ చదరపు మీటరుకు 250 గ్రాముల లెక్కన 23 కిలోలు, పైన 150 మైక్రాన్ల రంగు పూతలు రెండు అనుకుంటే పూతకు 14 లీటర్ల చొప్పున 28 లీటర్లు. గరుకు నేలకు ప్రైమర్ ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అదే 2 మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవెలింగ్ అయితే 186 లీటర్లు, బరువులో చెప్పాలంటే సుమారు 280 కిలోలు. రోలర్ పనికీ తాపీ పనికీ ఖర్చులో అంత తేడా ఎందుకుంటుందో దీంతో తెలుస్తుంది.

ఈ రోలర్ పనికి 18 అంగుళాల ఫ్రేమ్ ఒకటి, 12 మిల్లీమీటర్ల స్లీవ్‌లు రెండు, 10 మిల్లీమీటర్ల మైక్రోఫైబర్ స్లీవ్‌లు నాలుగు, 4 అంగుళాల ఫ్రేములు రెండు, వాటి స్లీవ్‌లు అరడజను, బ్రష్‌లు రెండు, స్క్వీజీ ఒకటి. వేసవిలో అయితే స్లీవ్‌లు ఇంకో రెండు కలపండి. నైట్రైల్ గ్లౌజులు ఒక పెట్టె తీసుకోండి. హార్డనర్ చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత ఎపాక్సీ దగ్గరకు వెళ్లినప్పుడల్లా దద్దుర్లు వస్తాయి. తగిలితే సబ్బు నీళ్లతో కడగాలి. థిన్నర్‌తో చేతులు తుడుచుకుంటే అది రెసిన్‌ను చర్మంలోకి ఇంకా దింపుతుంది.

ఎపాక్సీ అంటిన స్లీవ్‌ను కడిగి దాచుకోవడం దండగ. దానికి పట్టే థిన్నర్ ఖరీదు కొత్త స్లీవ్‌ కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు, పైగా నూగు అడుగున మిగిలిన రెసిన్ తర్వాతి పనిలో పలుకుల్లా రాలుతుంది. ఫ్రేములు, ముళ్ల రోలర్ మాత్రం సరుకు ఇంకా తడిగా ఉండగానే తుడిచి, థిన్నర్‌తో శుభ్రం చేసి ఉంచుకోండి. వాడేసిన స్లీవ్‌లను ఒకదాని మీద ఒకటి గుట్టగా వేయకుండా ఆరుబయట విడివిడిగా పరిచి, పూర్తిగా గట్టిపడ్డాకే చెత్తలో వేయండి. బకెట్‌లో మిగిలిన సరుకు బాగా వేడెక్కి పొగలు కక్కొచ్చు. దాన్ని కూడా షెడ్డు బయట ఇసుక మీద పలచగా పోసి వదిలేయాలి.